ఈ రాత్రికి మజిలీ ఎక్కడ?

మన తెలుగువాళ్ళు రాసే యాత్రా వ్యాసాల్లో ఒక చిత్రం ఉంది. వాటిల్లో ఎవరూ నిద్రపోరు. పొద్దున్నే ఒక గుడి, మధ్యాహ్నం ఇంకో గుడి, సాయంత్రం నదీతీరం, అక్కడొక అనుభూతి. మర్నాడు మళ్ళీ పొద్దున్నే గుడి. ఈ మధ్యలో రాత్రి ఎక్కడ తలదాచుకున్నారో, గది దొరికిందో లేదో, తలుపు తీసింది ఎవరో, ఎంత పుచ్చుకున్నారో మచ్చుకైనా కనిపించదు. స్థలపురాణం మాత్రం రెండు పేజీలు ఉంటుంది. ఆ పురాణం గుడి ముందు కొట్లో అమ్మే చిన్న పుస్తకంలోనూ దొరుకుతుంది. రాత్రి సంగతి మాత్రం రాసినాయనకి తప్ప ఇంకెవరికీ తెలియదు. తనకొక్కడికే తెలిసింది దాచిపెట్టి, అందరికీ తెలిసింది చెబితే ఎట్లా?

నేను వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ మనిషిని. మా దగ్గర ప్రోగ్రామ్‌కి డాక్యుమెంటేషన్ రాసినవాడి పనితనానికి ఒకటే కొలత: రాసినవాడు పక్కన లేనప్పుడు చదివినవాడు తన పని చేసుకోగలిగాడా, లేదా? యాత్రా రచనకి కూడా ఈ కొలత పెట్టి చూడొచ్చునని నా వాదన. "సాహిత్యానికి ఇంజనీరింగు కొలతలా?" అని పెద్దలు కోప్పడేలోపు, ఈ కొలతకి నిలబడిన రెండు పుస్తకాల గురించి చెప్పనివ్వండి. ఒకటి పన్నెండో శతాబ్దపు లాటిన్ పుస్తకం. రెండోది మన ఏనుగుల వీరాస్వామయ్య రాసిన కాశీయాత్ర చరిత్ర.

ముందుగా ఈ కొలత అవసరమయ్యే చోటు ఒకటి చూద్దాం. స్పెయిన్ దేశానికి వాయవ్య మూలన సాంతియాగో దె కంపోస్తెలా అనే పట్నం ఉంది. యేసుక్రీస్తు శిష్యుడు సెయింట్ జేమ్స్ సమాధి అక్కడ ఉందని క్రైస్తవుల నమ్మకం. యూరప్ నలుమూలల నుంచీ అక్కడికి కాలిబాటలున్నాయి. ఫ్రాన్సు సరిహద్దు నుంచి వచ్చే ఫ్రెంచి దారి మీద జనం తిరునాళ్ళకి పోయినట్టు పోతారు. దక్షిణాన సెవిల్ నుంచి వచ్చే దారి పేరు వీయా దె లా ప్లాతా. సుమారు వెయ్యి కిలోమీటర్లు. చాలాచోట్ల పాత రోమన్ రోడ్డు వెంబడే పోతుంది. 2019లో సాంతియాగో చేరి యాత్రాపత్రం పుచ్చుకున్నవాళ్ళు 3,47,000 మందికి పైగా ఉంటే, వాళ్ళలో ఈ దారిన వచ్చినవాళ్ళు తొమ్మిది వేల పైచిలుకు. అంటే నూటికి ముగ్గురు కూడా లేరు.

జనం లేని దారి అంటే వినడానికి ఎంతో హాయిగా ఉంటుంది. కాకపోతే జనం లేనిచోట పూటకూళ్ళమ్మ కూడా ఉండదు. ఫ్రెంచి దారి మీద చాలాచోట్ల గంటో రెండు గంటలో నడిస్తే ఒక ఊరు, ఊళ్ళో అల్బెర్గె అనే యాత్రికుల సత్రం తగులుతాయి. ఇక్కడ అలా కాదు. కార్కబోసో నుంచి అల్దెయానుయేవా దెల్ కమీనో దాకా సుమారు 38 కిలోమీటర్లు. దారి మీద ఊరన్నది లేదు. మధ్యలో కాపర్రా అనే పాడుపడ్డ రోమన్ పట్నం, అందులో నాలుగు వైపులా తెరుచుకున్న రాతి తోరణం. ఆ తోరణం ఫోటోకి బాగుంటుంది గాని పడుకోవడానికి పనికిరాదు. ఒక్కరోజులో అంత దూరం నడవలేనివాళ్ళు దారి వదిలి ఒలీవా దె ప్లాసెన్సియా అనే పల్లె వైపు పోవాలి.

సత్రం ఉన్న చిన్న ఊళ్ళల్లో కూడా తలుపుకి తాళం వేసి ఉండొచ్చు. తాళంచెవి ఊళ్ళో బార్‌లోనో, మన పంచాయతీ ఆఫీసులాంటి చోటనో ఉంటుంది. యాత్రికుడని చెప్పే క్రెదెన్సియాల్ అనే మడత పుస్తకం చూపించి, అందులో ముద్ర వేయించుకుంటే పడక ఇస్తారు. మామూలుగా ఒక్క రాత్రికే. కొన్నిచోట్ల రేటు ఉంటుంది. కొన్నిచోట్ల గుమ్మం దగ్గర హుండీలాంటి డబ్బా ఉంటుంది, తోచింది వేసి వెళ్ళాలి. చలికాలంలో కొన్ని తెరవనే తెరవరు. ఇలాంటి దారిన పోయేవాడు పుస్తకాన్ని ఏమడుగుతాడు? సూర్యాస్తమయ వర్ణన అడగడు. అది ఎదురుగానే ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో అడుగుతాడు.

ఇప్పుడు లాటిన్ పుస్తకం. సాంతియాగో పెద్ద చర్చిలో కోడెక్స్ కాలిక్స్తీనుస్ అనే చేతిరాత సంపుటం ఉంది. (2011లో దీన్ని ఎవరో ఎత్తుకుపోతే 2012లో దొరికింది.) అందులో ఐదో భాగం ఫ్రాన్సు మీదుగా వచ్చే యాత్రికులకి దారి చెప్పే పుస్తకం. ఎయ్‌మెరిక్ పికో అనే ఫ్రెంచి మతాధికారి రాశాడని కొందరంటారు, గట్టి రుజువు లేదు. ఎవరు రాసినా ఆ మనిషికి నోటిదురుసు ఎక్కువ. తన పువాతూ ప్రాంతంవాళ్ళు మహానుభావులు, నవర్రా ప్రాంతంవాళ్ళు మహా దుర్మార్గులు అని తేల్చేస్తాడు. ఒక ఏటి నీళ్ళు తాగితే చస్తారని చెబుతూ, ఏటి ఒడ్డున ఇద్దరు నవర్రావాళ్ళు కత్తులు నూరుకుంటూ కూర్చున్నారనీ, నీళ్ళు మంచివేనని వాళ్ళు చెప్పగా తమ గుర్రాలకి పట్టారనీ, గుర్రాలు చచ్చిపోతే వాళ్ళు తోళ్ళు ఒలుచుకున్నారనీ రాశాడు. అతిశయోక్తి ఉండే ఉంటుంది. అయినా ఏయే ఏళ్ళ నీళ్ళు మంచివో, ఏవి కావో వరసగా చెప్పాడు. లోకంలో మూడు గొప్ప సత్రాలున్నాయని, జెరూసలేం, ఆల్ప్స్ కనుమ, పిరెనీస్ పర్వతాల్లో సోంపోర్ కనుమ అని పేర్లు ఇచ్చాడు.

నాకు అన్నిటికంటే నచ్చింది ముగింపు. పుస్తకం మహిమలతోనూ, స్తోత్రాలతోనూ ముగియదు. యాత్రికుడు పేదవాడైనా ధనవంతుడైనా ఆదరించాలి అనే అధ్యాయంతో ముగుస్తుంది. అందులో ఒక కథ: సాంతియాగో నుంచి తిరిగి పోతున్న ఇద్దరు యాత్రికులు పువాతియే పట్నంలో ఒక వీధి పొడుగునా ఇంటింటికీ తిరిగి ఆ రాత్రికి చోటడిగారు. ఎవరూ ఇవ్వలేదు. వీధి చివర ఒక పేదవాడు ఇచ్చాడు. ఆ రాత్రి వీధి తగలబడి, వాళ్ళు పడుకున్న ఇల్లు ఒక్కటీ మిగిలిందట. మన పల్లెల్లో చెప్పుకునే కథలాగే ఉంది కదూ! నమ్మినా నమ్మకపోయినా, కథ చెప్పినవాడికి గుమ్మం బయట నిలబడ్డ అనుభవం ఉందని మాత్రం తెలుస్తుంది. నిందలూ పక్షపాతాలూ ఎన్ని ఉన్నా ఆ పుస్తకాన్ని నేను క్షమించేది అందుకే.

ఇక వీరాస్వామయ్యగారు. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేసిన ఈయన 1830 మే 18న చెన్నపట్నం నుంచి బయలుదేరి, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ వెళ్ళి, గయ, కలకత్తా, జగన్నాథం చూసుకుని 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. మొత్తం పదిహేనున్నర నెలలు. దారిలోంచి రాసి పంపిన సంగతుల్ని మిత్రులు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళె, ఆయన పోయిన తరవాత 1838లో అచ్చువేయించారు. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు మళ్ళీ వెలుగులోకి తెచ్చారు.

ఈ పుస్తకాన్ని మనవాళ్ళు మెచ్చుకోకపోలేదు. చరిత్రకి ఆధారమన్నారు, వాడుక భాషకి దగ్గరగా ఉందన్నారు. రెండూ నిజమే. కానీ చదివేటప్పుడు చాలామంది పేజీలు తిప్పేసే భాగం ఒకటుంది. ప్రతి మజిలీకీ ఆయన రాసుకున్న నాలుగు మాటలు: ఊరు పెద్దదా చిన్నదా, అంగళ్ళున్నాయా, కావలసిన సరుకులు దొరుకుతాయా, నీళ్ళ వసతి ఏమిటి, దిగడానికి సత్రమో చావడో ఉందా, దారి రాళ్ళా ఇసకా. పదో మజిలీకి విసుగు పుడుతుంది. యాభయ్యో మజిలీకి సంగతి అర్థమవుతుంది. ఇది మనల్ని రంజింపజేయడానికి రాసింది కాదు, మన తరవాత వచ్చేవాడు వాడుకోవడానికి రాసింది. నా కొలత ప్రకారం ఆ పుస్తకానికి వెన్నెముక ఆ నాలుగు మాటలే. కాశీ వర్ణనలు ఇంకొకరు రాయగలరు. ఆత్మకూరు నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను మీదుగా నల్లమల అడవిలో శ్రీశైలం చేరే దారిలో ఎక్కడ దిగొచ్చో ఆనాడు కాగితం మీద పెట్టిన తెలుగువాళ్ళు ఎంతమంది? ఈనాటికీ శివరాత్రికీ ఉగాదికీ ఆ అడవి దారిన వేలమంది నడుస్తారు. ఆ కొద్ది రోజులూ అన్నదానాలూ పందిళ్ళూ వెలుస్తాయి.

అలాగని పుస్తకాన్ని పూజలో పెట్టనక్కరలేదు. వీరాస్వామయ్యగారు మేనాలో ప్రయాణం చేశారు. కుటుంబం, పరివారం, బోయీలు కలిసి సుమారు వందమంది. డేరాలు వెంట ఉన్నాయి, హోదా ముందు నడిచింది. ఆనాటి సత్రాల్లో చాలావాటిల్లో పొయ్యి ఎవరికోసం వెలుగుతుందో కులం తేల్చేది. కాబట్టి "ఇక్కడ దిగడానికి వసతి ఉంది" అన్న వాక్యంలో, ఎవరికి వసతి అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. మేనా మోసిన బోయీ ఒకడు ఆ పదిహేను నెలల లెక్కా రాసి ఉంటే మనకి రెండో కాశీయాత్ర చరిత్ర ఉండేది, అందులో సత్రాల జాబితా వేరేగా ఉండేది. లాటిన్ పుస్తకం "పేదవాడైనా ధనవంతుడైనా" అని గట్టిగా చెప్పగలిగింది. అది ఆశయమే, ఆచరణ ఎంతో తెలియదు. మన పుస్తకానికి లెక్క బాగా తెలుసు, ఈ మాట మాత్రం దానికి తట్టలేదు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితేనే ఒకదాని వెలితి ఇంకొకదానిలో కనిపిస్తుంది.

"ఇప్పుడు ఫోనులో అన్నీ దొరుకుతున్నాయి గదా, పుస్తకం చెప్పేదేమిటి?" అని అడగొచ్చు. పడకల సంఖ్య ఫోను చెబుతుంది, నిజమే. చీకటి పడ్డాక తాళంచెవి ఇచ్చినామె ఏ మొహంతో ఇచ్చిందో, ఇవ్వనివాడు ఎందుకివ్వలేదో అది చెప్పదు. గోదావరి లంకల్లో వేళకాని వేళ వచ్చినవాళ్ళకి వండి పెట్టిన డొక్కా సీతమ్మగారు (1841–1909) మనకి గుర్తుండడానికి కారణం, ఆమె గడప ఎక్కినవాళ్ళు ఊరికే తిని పోకుండా, ఆ సంగతి నలుగురికీ చెప్పడం.

ఈ మాట మన సంచికలో ఎందుకు? మనమూ ఒక దూరపు దారిన వచ్చినవాళ్ళమే. తొంభైల్లోనూ, వైటూకే రోజుల్లోనూ ఈ దేశం వచ్చినవాళ్ళని అడగండి. మొదటి రాత్రి ఎక్కడ పడుకున్నారో ప్రతివాళ్ళకీ గుర్తుంటుంది. కంపెనీ గెస్ట్‌హౌస్‌లో ఆరుగురు పరుచుకున్న కార్పెట్, ఎవరో దూరపు బంధువు పిన్నిగారు ఖాళీ చేసి ఇచ్చిన పిల్లల గది, రెండు వారాలు అన్నం పెట్టి అద్దె అడగని అన్నయ్యగారు. వాళ్ళెవరూ మన కథల్లోకి గాని వ్యాసాల్లోకి గాని సరిగ్గా రాలేదు. మన రచనల్లో గ్రీన్‌కార్డు ఉంది, మంచు ఉంది, ఊరి మీద బెంగ ఉంది. ఆ కార్పెట్ లేదు. మన పిల్లలు రేపు ఈ సంచికలు చదివితే, అమ్మానాన్నలు ఇక్కడికి ఎలా వచ్చారో తెలుస్తుంది గాని, ఎవరి దయ వల్ల నిలదొక్కుకున్నారో తెలియదు.

అందుకని వచ్చే సంచికకి రాసేవాళ్ళకి ఒక మనవి. కాశీ వెళ్ళినా, సాంతియాగో వెళ్ళినా, మొదటిసారి ఈ దేశంలో దిగిన రోజు గురించి రాసినా, స్థలపురాణం ఒక పేజీ తగ్గించండి. ఆ పేజీలో ఆ రాత్రి ఎక్కడ పడుకున్నారో, దుప్పటి ఎవరిచ్చారో, ఎవరు లేదన్నారో రాయండి.