మాటకు చాలిన దారి ఫాక్సుకు చాలదు

తేలియా రుమాళ్ళకు చీరాల ఒకప్పుడు ప్రసిద్ధి. వాటి నూలుకు నేయకముందే కట్లు కట్టి రంగులద్దుతారు. సాదా గుడ్డలో ఒక పోగు తెగినా కంటికి ఆనదు. రంగులద్దిన పోగు పక్కకు జరిగితే బొమ్మ చెదురుతుంది. టెలిఫోనునూ ఇంటర్నెట్‌నూ కలిపే గేట్‌వే యంత్రంలో మాట సాదా గుడ్డ వంటిది, ఫాక్సు రుమాలు వంటిది. రెండూ అంకెలే గదా అని ఒకే దారిన పంపే రూపకల్పనలో లోపమంతా ఇక్కడే ఉన్నది.

గేట్‌వే మాటను సెకనుకు 8,000 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ 8 బిట్లుగా వ్రాస్తుంది. అంటే సెకనుకు 64,000 బిట్లు. ఈ భారాన్ని తగ్గించేందుకు 1996లో జి.729 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. అది తరంగాన్ని ఉన్నదున్నట్లు పంపదు. గొంతూ నోరూ ఆ ధ్వనిని ఎట్లా పుట్టించి ఉంటాయో లెక్కకట్టి, ఆ వివరాలను 8,000 బిట్లలో పంపుతుంది. దారిలో ఒక ప్యాకెట్ పోతే అవతలి గేట్‌వే ఊహించి పూరిస్తుంది, చెవి క్షమిస్తుంది. మెచ్చుకోదగిన పనితనమే.

కాని ఫాక్సు ఈలకు గొంతు లేదు. అందులో సెకనుకు 14,400 బిట్ల సమాచారం ఉండవచ్చు. దానిని 8,000 బిట్లలో ఇమడ్చలేమని హైస్కూలు విద్యార్థి అయినా చెప్పగలడు! వస్త్రవ్యాపారి ఆర్డరు కాగితం పెడితే, పేజీ కదలకముందే లైను తెగిపోవచ్చు.

1998 నాటి టి.38 ప్రమాణం దీనిని తెలివిగా పరిష్కరించింది. ఇవతలి గేట్‌వే తానే ఫాక్సు యంత్రం వలె ఈలను విప్పి, బిట్లను మాత్రమే పంపుతుంది. గడచిన ప్యాకెట్ల సమాచారాన్ని ప్రతి ప్యాకెట్‌లోనూ మళ్ళీ చేర్చవచ్చు. అవతలి గేట్‌వే దానిని తిరిగి ఈలగా మారుస్తుంది. చిక్కేమిటంటే, కాల్ మాటగానే మొదలవుతుంది. అవతలి యంత్రం పలికే 2,100 హెర్ట్‌జ్ స్వరాన్ని గుర్తించి గేట్‌వేలు నడిమధ్యలో దారి మార్చాలి. ఒకదానికే టి.38 తెలిస్తే అది వృథా.

2017 డిసెంబరులో ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్ ఇంటర్నెట్, టెలివిజన్, టెలిఫోన్ మూడింటినీ ఒకే తీగపై ఇవ్వ సంకల్పించింది. ఇటువంటి తీగపై 64,000 బిట్లు లెక్కలోనివి కావు. కాబట్టి టి.38 కుదరనప్పుడు గేట్‌వే పొదుపు మాని, ప్రతిధ్వనిని అణచే ఏర్పాటునూ ఆపి, ఈలను ఉన్నదున్నట్లు పంపాలి. ఫాక్సు నేడు అరుదైనదే. అయినా జపాను కార్యాలయాలలో, అమెరికా ఆసుపత్రులలో ఇంకా వాడుతున్నారు. ఈ రెండవ దారి పెట్టని గేట్‌వేకు ఫాక్సు సౌకర్యం కలదని వ్రాయడం సరికాదు.