చందా, త్యాగం, చిత్రం: సైబరాబాద్ పరిసరాల్లో కళానిధి సేకరణ - దాత ఎవరు?

వ్యాససంగ్రహం:

కళాకార్యక్రమాలకు కావలసిన ధనాన్ని సమకూర్చుకోవడానికి స్థానిక చిత్రకారుల నుంచి కృతులను ఉచితంగా స్వీకరించి అమ్మడం నేడు అనేక నగరాల్లో కనిపించే పద్ధతి. ఐటీ సంస్థలు, పెద్ద నివాస సముదాయాలు విస్తరించిన చందానగర్ - మాదాపూర్ ప్రాంతాన్ని నేపథ్యంగా తీసుకొని ఈ వ్యాసం ఆ పద్ధతిని విమర్శనాత్మకంగా పరిశీలిస్తుంది. ఏ ఒక్క సంస్థనో, కార్యక్రమాన్నో తప్పుపట్టడం దీని ఉద్దేశం కాదు. తెలుగు సమాజంలో కళకు సముదాయం ప్రతిఫలం చెల్లించిన తీరును, సహాయార్థ ప్రదర్శనల చరిత్రను, వర్తించే చట్టాలను పక్కపక్కన ఉంచి, ఇటువంటి సేకరణలో నిజమైన దాత ఎవరో నిర్ణయించడం దీని ప్రయోజనం.

కీలకపదాలు: చందా, త్యాగం, చేర్యాల పటం, సురభి, సహాయార్థ ప్రదర్శన, కాపీరైట్, సామాజిక బాధ్యత నిధి.

1. ఉపోద్ఘాతం:

చందానగర్ హైదరాబాద్ నగరానికి పశ్చిమాన, ముంబయి రహదారిపై మియాపూర్‌కు, లింగంపల్లికి నడుమ ఉన్న ప్రాంతం. ఒక పక్క బీహెచ్ఈఎల్ కార్మికనగరం, మరొక పక్క కొండాపూర్, మాదాపూర్ ఐటీ కేంద్రాలు. కళాపరంగా కూడా ఈ పరిసరాలు బీడు కావు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని సరోజినీనాయుడు కళా, ప్రసార విభాగం, మాదాపూర్‌లోని శిల్పారామం, రాష్ట్ర చిత్రకళా ప్రదర్శనశాల, శేరిలింగంపల్లిలోని సురభి కాలనీ అన్నీ ఇక్కడికి దగ్గరలోనే ఉన్నాయి. చిత్రకారుడు, కొనగలిగిన ఉద్యోగి, ఖర్చుపెట్టగలిగిన సంస్థ ఒకే ప్రాంతంలో నివసిస్తున్న అరుదైన సందర్భమిది. కాబట్టి కళకు నిధి ఎవరి చేతి నుంచి రావాలనే ప్రశ్నను ఇక్కడ నిలబడి అడగడం సముచితం.

2. చందా - మన వాడుక నేర్పే పాఠం:

ఊరి పేరుకూ ‘చందా’ అనే మాటకూ సంబంధం కల్పించడం ఇక్కడ ఉద్దేశం కాదు. అయితే నిధి సేకరణకు తెలుగువారి వాడుకలో స్థిరపడిన మాట చందాయే. వినాయక చవితి వస్తే కాలనీలో ఇంటింటికీ తిరిగి చందా వసూలు చేస్తారు. ఆ డబ్బుతో ధూల్‌పేటలోనో మరొకచోటనో విగ్రహాన్ని కొంటారు. పందిరివానికి, మైకుసెట్టువానికి, పురోహితునికి, వంటవానికి వారివారి రుసుము ముట్టజెబుతారు. బేరం ఆడవచ్చు, బాకీ పెట్టవచ్చు. కానీ “ఇది అందరి పండుగ కదా, విగ్రహాన్ని ఊరికే ఇవ్వు” అని విగ్రహకారుణ్ణి అడగడం ఎవరికీ తోచదు.

కళానిధి సేకరణలో ఈ వరుస తలకిందులవుతుంది. సభామందిరానికి అద్దె ఉంటుంది. దీపాలకు, ధ్వనికి, ఫలహారాలకు, ముద్రణకు చెల్లింపు ఉంటుంది. ఏ కృతుల కోసం ఇదంతా జరుగుతున్నదో వాటిని చేసిన మనిషికి మాత్రం ప్రశంసాపత్రం, శాలువా మిగులుతాయి. విగ్రహకారుని పని ‘పని’గా, చిత్రకారుని పని ‘అభిరుచి’గా మన మనస్సులో వేరుపడిపోవడం ఈ తేడాకు మూలం.

3. పటం కథ - సముదాయం చెల్లించిన కళ:

‘సముదాయ కళ’ అనే భావన తెలుగునేలకు కొత్తది కాదు. నేటి సిద్దిపేట జిల్లాలోని చేర్యాల నకాశీ చిత్రకారుల పటాలే ఇందుకు సాక్ష్యం. నూలుబట్టకు సుద్దమట్టి, చింతగింజల జిగురు, గంజి పట్టించి, ఎర్రని నేపథ్యం మీద అడ్డపట్టీలుగా కథను చిత్రిస్తారు. ఆ పటాన్ని విప్పుతూ కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం, డక్కలివారు మాదిగలకు జాంబపురాణం, కాకిపడగలవారు ముదిరాజులకు పాండవుల కథ చెబుతారు.

ఈ వ్యవస్థలో డబ్బు నడిచే దారి గమనించదగినది. కులసముదాయం కథకునికి మిరాశి హక్కుగా ధనమో ధాన్యమో ఇస్తుంది. కథకుడు అందులో నుంచి నకాశీకి చెల్లించి పటం రాయించుకుంటాడు. పటం జీర్ణమైతే దానిని శాస్త్రోక్తంగా నీటిలో కలిపి, కొత్తది రాయించుకుంటాడు. సముదాయం అవసరం చిత్రకారునికి మళ్ళీ మళ్ళీ పని కల్పిస్తుంది. ఇది సమానుల మధ్య ఒప్పందం కాదు. కుల అంతరాల మీద నిలిచిన ఏర్పాటు. దానిని ఆదర్శంగా కీర్తించనక్కరలేదు. అయినా అందులో ఒక సూత్రం స్పష్టంగా ఉంది: కళ ఎవరిదో ఖర్చు వారిదే.

ఇక్కడ ఒక పదాన్ని గుర్తు చేసుకోవాలి. పాత తెలుగులో ‘త్యాగం’ అంటే ఈవి, దానం. ఆశ్రిత కులాలవారు తమకు రావలసిన ప్రతిఫలాన్ని ఈ మాటతోనే వ్యవహరించడం తెలంగాణ పల్లెల్లో ఉంది. అంటే త్యాగం చేసేది పోషకుడు, పొందేది కళాకారుడు. నేటి నిధి సేకరణ సభల్లో ‘కళాకారుని త్యాగం’ అని కొనియాడుతున్నాం. మాట అదే మిగిలింది. ఇచ్చేవాడూ పుచ్చుకొనేవాడూ చోట్లు మార్చుకున్నారు.

4. సహాయార్థ ప్రదర్శన నుంచి బెనిఫిట్ షో దాకా:

కళాకారుడు ఇతరుల కోసం జోలె పట్టిన ఘట్టాలు మన చరిత్రలో గౌరవప్రదమైనవి. 1952లో రాయలసీమ కరువు బాధితుల కోసం ఎన్.టి.రామారావు నిధి సేకరణ యాత్ర చేశారు. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు ఆయన, అక్కినేని నాగేశ్వరరావు విరాళాల కోసం వీధుల్లోకి వచ్చారు. 2018 కేరళ వరదల తరువాత కొచ్చి బియెన్నాలె ఫౌండేషన్ 2019 జనవరిలో నిర్వహించిన ‘ఆర్ట్ రైజెస్ ఫర్ కేరళ’ వేలం దృశ్యకళలో ఇటువంటిదే. ఈ సందర్భాల్లో కళాకారుడు ఒక పౌరుడుగా ఆపన్నులకు ఇచ్చాడు. తన దగ్గర ఉన్నది కీర్తి అయితే కీర్తిని, చిత్రమైతే చిత్రాన్ని ఇచ్చాడు.

కళ కోసం కళాకారుణ్ణే అడిగే సేకరణ దీనికి భిన్నం. ఇక్కడ ఆపన్నుడూ దాతా ఒకే వర్గానికి చెందినవారు. యువ చిత్రకారుల శిక్షణ కోసం నడివయసు చిత్రకారుడు, ప్రదర్శనశాల అద్దె కోసం ఆ శాలలో చోటు దొరకని చిత్రకారుడు తమ కృతులు ఇస్తారు. ఒక జేబులోని రూపాయి ఆ వర్గం రెండవ జేబులోకే చేరుతుంది. మధ్యలో నిర్వహణ ఖర్చులు పోతాయి.

మంచి ఉద్దేశంతో పుట్టిన మాట కాలక్రమంలో ఎంత దూరం జారుతుందో సినిమారంగం చూపింది. ‘బెనిఫిట్ షో’ అంటే ఒకప్పుడు ఒక సత్కార్యానికి వసూళ్ళను అందించే ఆట. నేటి వాడుకలో అది విడుదలకు ముందు అధిక ధరకు వేసే ఆట. బెనిఫిట్ ఎవరికని అడిగేవారు లేరు. 2024 డిసెంబరులో హైదరాబాద్ సంధ్య థియేటర్ తొక్కిసలాట తరువాత తెలంగాణ ప్రభుత్వం ఇటువంటి ఆటలను ఇక అనుమతించబోమని ప్రకటించింది. లబ్ధిదారుని పేరు స్పష్టంగా చెప్పని సహాయార్థ కార్యక్రమం చివరకు చేరే చోటు ఇది.

చందానగర్‌కు చేరువలోనే మరొక నమూనా ఉంది. 1885లో కడప ప్రాంతపు సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన సురభి నాటకసమాజానికి చెందిన కుటుంబాలు శేరిలింగంపల్లిలో స్థిరపడ్డాయి. తరాలుగా నటన, రంగాలంకరణ, తెరల చిత్రణ, వాద్యం అన్నీ కుటుంబసభ్యులే చేసుకుంటూ ప్రేక్షకుని టిక్కెట్టు మీద ఆధారపడి బతికిన సమాజమది. కోవిడ్ కాలంలో రంగస్థలాలు మూతపడగానే ఆ ఆధారం ఎంత సన్ననిదో తేలిపోయింది. ఇటువంటి కళాకారులకు దగ్గరలో ఉంటూ మరొక ఉచిత ప్రదర్శన అడగడం సులభం. వారి రెండు వందల టిక్కెట్లు కొనడం అంతకంటే మేలైన విరాళం.

5. దానచిత్రం లెక్క:

ఈ చర్చను భావావేశం నుంచి లెక్కలోకి తేవడం అవసరం. ఒక చిత్రాన్ని చిత్రకారుడు తన పనిశాల నుంచి 20,000 రూపాయలకు అమ్మగలడనుకుందాం. రంగులు, కాన్వాసు, చట్రం ఖర్చు 4,000 అనుకుందాం. ఆయన దానిని దానమిచ్చాడు. సభలో అది 12,000కు అమ్ముడుపోయింది. నిధికి 12,000 చేరింది. కొన్నవానికి 20,000 విలువైన వస్తువు 12,000కు దొరికింది. చిత్రకారుడు వదులుకున్నది 20,000. ఇందులో నిధికి చేరింది 12,000 కాగా, మిగిలిన 8,000 కొన్నవాని ఇంటి గోడ మీద ఉంది. సభలో చప్పట్లు మాత్రం ఆయనకే.

అదే చిత్రం సరిగ్గా 20,000కు పోతే కొన్నవాడు ధర చెల్లించాడు, అంతే. నిధి మొత్తం చిత్రకారుని దానమే. 25,000కు పోతేనే కొనుగోలుదారు 5,000 మేరకు దాత అవుతాడు. కాబట్టి అమ్మకపు ధర మామూలు ధరను దాటినప్పుడే ‘సముదాయం ఇచ్చింది’ అనే మాటకు అర్థం ఉంటుంది. తక్కువ ధరకు అమ్మడం వల్ల మరొక నష్టం కూడా ఉంది. మరునాడు అదే చిత్రకారుణ్ణి ఆశ్రయించే కొనుగోలుదారుకు 12,000 అనే సంఖ్య గుర్తుంటుంది.

చట్టం కూడా చిత్రకారుని పక్షాన లేదు. ఆదాయపు పన్ను చట్టం కింద మినహాయింపు ధనరూపంలో ఇచ్చిన విరాళానికే వర్తిస్తుంది. వస్తువుగా ఇచ్చిన చిత్రానికి వర్తించదు. అమెరికాలోనూ 1969 పన్ను సంస్కరణ చట్టం తరువాత, తన కృతిని తానే దానమిచ్చిన కళాకారునికి సామగ్రి ఖర్చు మేరకే మినహాయింపు దక్కుతుంది. అదే చిత్రాన్ని కొని కొంతకాలం దాచి దానమిచ్చిన సంపన్నునికి మార్కెటు విలువ లెక్కకు వస్తుంది.

ఇక సైబరాబాద్‌కు ప్రత్యేకంగా వర్తించే విషయం మరొకటి. కంపెనీల చట్టం, 2013లోని 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవరు 1,000 కోట్లు, లేదా నికరలాభం 5 కోట్లు దాటిన సంస్థ తన మూడేళ్ళ సగటు నికరలాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి. ఆ చట్టపు ఏడవ షెడ్యూలులో కళాసంస్కృతుల పరిరక్షణ, సంప్రదాయ కళల, హస్తకళల అభివృద్ధి ఉన్నాయి. ఖర్చుపెట్టవలసిన చట్టబద్ధ బాధ్యత ఉన్న సంస్థలు కూతవేటు దూరంలో ఉండగా, ఏ బాధ్యతా లేని చిత్రకారుణ్ణి మొదట అడగడంలో ఔచిత్యం లోపించింది.

6. చిత్రం చేయి దాటిన తరువాత:

దానంతో వస్తువు మీద హక్కు మారుతుంది కానీ కృతి మీద హక్కులన్నీ మారవు. కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం హక్కుల బదిలీ లిఖితపూర్వకంగా ఉండాలి. చిత్రాన్ని ఇచ్చినంత మాత్రాన దానిని క్యాలెండరు మీద, ప్రచారపత్రం మీద ముద్రించుకొనే అధికారం నిర్వాహకులకు రాదు. 57వ సెక్షన్ కర్తృత్వాన్నీ, కృతి సమగ్రతనూ కాపాడుతుంది. విజ్ఞాన్ భవన్ కుడ్యశిల్పాన్ని తొలగించి పాడుచేసిన విషయమై అమర్‌నాథ్ సెహగల్ వేసిన వ్యాజ్యంలో ఢిల్లీ హైకోర్టు 2005లో శిల్పి పక్షాన తీర్పు చెప్పింది. 53ఏ సెక్షన్ ప్రకారం మూలచిత్రం 10,000 రూపాయలకు మించి పునర్విక్రయమైతే కళాకారునికి 10 శాతం దాటకుండా వాటా దక్కాలి. అయితే తన చిత్రం ఎవరి ఇంటికి వెళ్ళిందో తెలియని చిత్రకారుడు ఈ హక్కును ఎలా అడుగుతాడు? కొన్నవారి వివరాలు దాతకు చెప్పకపోవడం మర్యాదలోపం మాత్రమే కాదు. చట్టం ఇచ్చిన హక్కును నిరుపయోగం చేయడం.

7. ప్రతివాదాల పరిశీలన:

‘ఇవ్వడం కళాకారుని స్వేచ్ఛ’ అనే వాదం బలమైనది. జగదీశ్ మిత్తల్, కమలా మిత్తల్ స్వయంగా చిత్రకారులు. వారు తమ జీవితకాల సేకరణను 1976లో హైదరాబాద్‌లో ట్రస్టుకు అప్పగించారు. 1925లో చిన్నవయసులోనే మరణించిన దామెర్ల రామారావు చిత్రాలు రాజమండ్రి చిత్రశాలలో ఒకచోట నిలవడానికి కుటుంబసభ్యుల, మిత్రుల ఔదార్యమే కారణం. కానీ ఈ దానాల్లో ఇచ్చినవారే నిర్ణేతలు. ఇచ్చినది ప్రజల కళ్ళ ముందు నిలిచింది. సభలో అమ్ముడుపోయిన దానచిత్రం ఒక ప్రైవేటు గదిలోకి వెళ్ళిపోతుంది. పైగా పరిచయస్తులు అడిగినప్పుడు ‘ఇవ్వను’ అనే స్వేచ్ఛ చిన్న చిత్రకారునికి ఎంత ఉంటుందో ఆలోచించాలి.

‘ఎలాగూ అమ్ముడుపోని చిత్రమే కదా’ అనే రెండవ వాదంలోనూ కొంత నిజముంది. అప్పుడు 20,000 అనే విలువ ఊహామాత్రమే అవుతుంది. అయినా 4,000 ఖర్చు, పనిదినాలు ఊహలు కావు. ‘ప్రచారం లభిస్తుంది’ అనే మూడవ వాదానికి పరీక్ష సులభం: గత సభలో చిత్రమిచ్చిన వారిలో ఎందరికి తరువాత డబ్బిచ్చే పని దొరికిందో నిర్వాహకులు చెప్పగలగాలి.

8. ముగింపు:

పై పరిశీలన నుంచి తేలిన అంశాలు ఇవి:

• తెలుగు సముదాయాల సంప్రదాయంలో కళకు సముదాయం చెల్లించింది. కళాకారుడు సముదాయానికి చెల్లించడం ఆ వరుసకు విరుద్ధం.

• విపత్తు సహాయానికి ఇచ్చే చిత్రాన్ని, కళానిధికి ఇచ్చే చిత్రాన్ని ఒకే గాటన కట్టకూడదు.

• మామూలు ధరకు తగ్గించి అమ్మే సేకరణలో ప్రధాన దాత చిత్రకారుడే. నిర్వాహకులు ఆ మాటను లెక్కలతో సహా ప్రకటించాలి.

• చిత్రం, చట్రం ఖర్చును ముందుగా చెల్లించడం, అమ్మకపు ధరలో సగమైనా చిత్రకారునికి ఇవ్వడం, కనీస ధరను ఆయనతోనే నిర్ణయింపజేయడం, అమ్ముడుపోనిదానిని నష్టం లేకుండా తిరిగి చేర్చడం, కొన్నవారి వివరాలు ఇవ్వడం, కాపీరైట్ ఆయనదేనని రాసి ఇవ్వడం కనీస నియమాలు కావాలి.

• ఐటీ ప్రాంతంలో నిధికి మొదటి తలుపు సంస్థలది, రెండవది ప్రేక్షకునిది. చిత్రకారుని తలుపు తట్టవలసివస్తే అది చివరిది కావాలి.

కళానిధి సేకరించేవారి సదుద్దేశాన్ని ఈ వ్యాసం శంకించదు. చవితి పందిట్లో విగ్రహకారునికి ముట్టజెప్పే రుసుము పండుగ పవిత్రతను తగ్గించలేదు. చిత్రకారునికి చెల్లించే ప్రతిఫలం కూడా కళాసేవను తగ్గించదు.