చిల్లులు పూడిపోయినాయి

మూడేళ్ల కిందట తోలుబొమ్మలాట వీడియోల కోసం ఒక చిన్న వెబ్‌సైట్ పెట్టాను. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఒక పెద్దాయన ఆడిన ఆటను ఆయన మనవడు ఫోనులో తీసి పంపాడు. అరగంట ఆట, 5 జీబీ ఫైలు. వచ్చింది వచ్చినట్టే సైట్లోకి ఎక్కించి, ఘనకార్యం చేశాననుకున్నాను. సాయంత్రానికి పెద్దాయన ఫోను. "ఏం నాయనా, నా ఆట యాడుంది? గుండ్రంగా ఏందో తిరుగుతానే ఉండాది!"

ఆ తిరుగుడుకు మొదటి కారణం తెలిశాక నవ్వొచ్చింది. ఎంపీ4 ఫైలుకు లోపల ఒక విషయసూచిక ఉంటుంది. ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పేది అదే. రికార్డింగ్ ముగిసేదాకా ఆ లెక్క తేలదు కనక ఫోను దాన్ని చాలాసార్లు చిట్టచివర రాస్తుంది. అది చేతికందేదాకా ప్లేయరు బొమ్మ చూపించలేదు. ఫాబ్రిస్ బెల్లార్డ్ 2000లో మొదలుపెట్టిన ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో సాధనానికి 'ఫాస్ట్‌స్టార్ట్' అని ఒక్క మాట చెబితే సూచిక ముందుకొస్తుంది. బొమ్మ నాణ్యతలో వెంట్రుకవాసి తేడా రాదు.

ఆట మొదలైతే అయింది గానీ, అడుగడుగునా ఆగింది. 5 జీబీని అరగంటకు పంచితే సెకనుకు దాదాపు 22 మెగాబిట్లు. ఆ ఊరి సిగ్నల్ అంత బరువు మొయ్యలేదు. కుదించక తప్పదు.

ఎలా కుదిస్తారో బొమ్మలాట తెలిసినవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆంజనేయుడు గద ఎత్తితే కదిలేది చెయ్యి ఒక్కటే. అందుకే ఆ చేతిని విడిగా కోసి, మొండేనికి దారంతో ముడేస్తారు. 2003లో వచ్చిన హెచ్.264 అనే కుదింపు పద్ధతి చేసేదీ అదే. ఒక ఫ్రేమును పూర్తిగా రాసుకుంటుంది, అది కీఫ్రేము. ఆ తర్వాతి ఫ్రేముల్లో కదిలినంత మేరకే రాసుకుంటుంది.

ఆపైన ముక్కలు కొయ్యడం. ఆపిల్ 2009లో తెచ్చిన హెచ్ఎల్ఎస్ పద్ధతిలో ఒకే వీడియోను 240పి, 360పి, 480పి, 720పి అంటూ నాణ్యత మెట్లుగా తయారుచేసి, ఒక్కో మెట్టునూ ఆరేసి సెకన్ల ముక్కలు చేశాను. సిగ్నల్ బాగుంటే ప్లేయరు పై మెట్టు ముక్క అడుగుతుంది, తగ్గితే కింది మెట్టుకు దిగుతుంది. ప్రతి ముక్కా కీఫ్రేముతోనే మొదలవ్వాలి, అన్ని మెట్లలోనూ కోత ఒకేచోట పడాలి. లేకపోతే మెట్టు మారినప్పుడల్లా బొమ్మ ఉలిక్కిపడుతుంది. రెండు సెకన్లకో కీఫ్రేము పెట్టాను, ముక్కకు మూడు. రాత్రంతా కంప్యూటర్ ఫ్యాను రొద పెట్టింది.

పొద్దున్నే మళ్లీ ఫోను. "ఆగకుండా వచ్చె నాయనా. కానీ చిల్లులు పూడిపోయినాయి."

ఏ చిల్లులో వెంటనే తట్టలేదు. 240పి మెట్టు తెరిచి చూశాను. సీతమ్మ వడ్డాణం, దండకడియాలు, చీర అంచు అన్నీ తోలు మీద ఉలితో కొట్టిన సన్నటి చిల్లులు. వెనక దీపం వెలుగు వాటిలోంచి దూరితేనే నగలు మెరుస్తాయి. నా 240పిలో అవన్నీ కలిసిపోయి గోధుమరంగు మరకయ్యాయి. కన్ను పట్టించుకోని వివరాన్ని వదిలెయ్యడమే వీడియోను కుదించే ఎన్‌కోడర్ నేర్చిన విద్య. ఈ చుక్క దుమ్మో, నగో దానికెట్లా తెలుస్తుంది? చెప్పాల్సినవాణ్ని నేను. నేనేమో 720పి చూసి మురిసిపోయి పడుకున్నాను.

240పిని తీసేశాను. ఫోను సెకనుకు 60 ఫ్రేములు తీసింది. అడుగు మెట్టును 360పి చేసి, ఫ్రేములు 30కి దించాను. లెక్క కట్టి చూడండి: 60 ఫ్రేముల 240పి అంటే సెకనుకు సుమారు 61 లక్షల పిక్సెళ్లు, 30 ఫ్రేముల 360పి అంటే 69 లక్షలు. బరువులో పెద్ద తేడా లేదు. కదలికలో కాస్త నునుపు పోయింది, నగలు తిరిగొచ్చాయి.

అప్పట్నించీ ఏ వీడియో వచ్చినా ముందు అడుగు మెట్టే తెరుస్తాను, అదీ పాత ఫోనులో. పై మెట్టు ఎలాగూ బాగానే ఉంటుంది.

ఆ రోజు మధ్యాహ్నం పెద్దాయన మూడోసారి చేశాడు. బాగుందనలేదు, బాలేదనీ అనలేదు.

"సీతమ్మ మోచేతికాడ ముడి వదులైందబ్బీ, ఇప్పుడే చూస్తి. రేపు కట్టుకోవాల."