బిందువు వెనుక అరణ్యము

ప్రకృతిని విడిచిపెట్టినవాడే అమూర్త చిత్రకారుడనే అభిప్రాయము రసికులలో సైతము బలంగా నాటుకొని ఉన్నది. చెట్టు చెట్టువలె, ఏరు ఏరువలె కనిపించని చోట ప్రకృతి లేదనుకొనడం సహజమే. సయ్యద్ హైదర్ రజా చిత్రాలను శ్రద్ధతో చూచినవారికి మాత్రం ఈ అభిప్రాయము నిలువదు.

రజా 1922లో, నేటి మధ్యప్రదేశ్‌లోని మండలా జిల్లాలో జన్మించినారు. తండ్రి అటవీశాఖ ఉద్యోగి. నర్మద ప్రవహించే ఆ సీమలోని కీకారణ్యమే ఆయనకు మొదటి బడి. రాత్రి అడవి బాలుని భయపెట్టేది. గోండుల నృత్యాలలో మనుష్యుల అలికిడి విని మనసు కుదుటపడేది. తెల్లవారిన పిమ్మట గాని ధైర్యము చిక్కేది కాదు. చదువుమీద దృష్టి నిలువని ఆ పిల్లవానికి ఉపాధ్యాయుడొకరు గోడమీద చుక్క పెట్టి, దానినే చూడుమన్నారట.

ఈ రెండు అనుభవాలూ చిత్రాలలోకి రావడానికి చాలా కాలము పట్టినది. 1947లో బొంబాయిలో ప్రగతిశీల చిత్రకారుల బృందము ఏర్పడినప్పుడు రజా అందులో ఒకరు. 1950లో పారిస్ చేరి, 1956లో అక్కడి విమర్శకుల పురస్కారము పొందినారు. ఆనాటి ఫ్రెంచి గ్రామదృశ్యాలలో నిర్మాణ కౌశలము మెండు. అయినా అది నేర్చిన విద్య. 1962లో బర్కిలీలో బోధించిన కాలంలో రోత్కో వంటి అమెరికను చిత్రకారుల కృతులు, రంగు ఏ వస్తువునూ ఆశ్రయించకయే భావాన్ని మోయగలదని ఆయనకు తెలిపినవి. అప్పుడు గాని మండలా అడవి తిరిగి రాలేదు.

1970 దశకపు 'రాజస్థాన్', 'లా తెర్' చిత్రాలలో చెట్లు లేవు. నలుపును చీల్చుకొని వచ్చే ఎరుపు, పసుపు ఉన్నవి. అది అడవి ఆకారము కాదు, అడవిలో తెల్లవారిన అనుభూతి. 1981 నాటి 'మా' చిత్రంలో నల్లని బిందువుతోపాటు హిందీ కవితాపంక్తి చేరినది. దూరదేశంలో ఉన్న కుమారుని అప్పు అందులో పలుకుతుంది.

బిందువును తాంత్రిక సంకేతముగా వ్యాఖ్యానించడం తప్పు కాదు, కాని చాలదు. శాస్త్రము ఆ చుక్కకు పేరు పెట్టినది. ప్రాణము పోసినది బాల్యము. చివరి కాలపు కొన్ని చిత్రాలలో త్రికోణాలు, వలయాలు పొందికగా అమరి, చూపుకంటె సిద్ధాంతము ముందు నడిచినదనే మాటను కాదనలేము. భయము తొలగినచోట వెలుగు కూడ పలుచబడినది.

గోదావరి లంకలో పెరిగినవానికైనా, జంషెడ్‌పూరు మాంగోలో సువర్ణరేఖను, దల్మా కొండలను చూస్తూ పెరిగినవానికైనా చివరకు మిగిలేది రూపము కాదు; ఒక వర్ణము, ఒక గగుర్పాటు. రజా చిత్రించినది దానినే. అరువది యేండ్ల ప్రవాసము తరువాత స్వదేశము చేరి, 2016లో ఢిల్లీలో మరణించిన ఆయనను మండలాలో తండ్రి సమాధి చెంతనే ఖననము చేసినారు.