దొంగా, పోలీసూ, మూడోవాడూ

వానరోజుల్లో, బయటికి వదలడానికి వీల్లేని పీరియడ్లలో మా బడిపిల్లలు చీటీలాట ఆడతారు. రాజు, రాణి, మంత్రి, దొంగ, పోలీసు. పోలీసు చీటీ వచ్చినవాడు దొంగ ఎవడో చెప్పాలి. పొరబడితే వాడి మార్కులు దొంగకు పోతాయి. ఇరుపక్షాలకూ న్యాయమైన ఏర్పాటే. మరి పొరపాటున దొంగ అనిపించుకున్నవాడి మాట? ఆ లెక్క ఏ చీటీ మీదా లేదు.

ఈ ఆటే ఇప్పుడు కంప్యూటర్ల మీద రోల్‌ప్లే సర్వర్ల రూపంలో నడుస్తోంది. ఒక కల్పిత నగరంలో పదులకొద్దీ మనుషులు ఒకేసారి చేరి, తలా ఒక పాత్ర ధరించి, మాటలు అప్పటికప్పుడు అల్లుకుంటూ కథ నడుపుతారు. సాహిత్య పత్రికలో దీని ఊసెందుకని పెద్దలు విసుక్కోవచ్చు. ఇది నాటకం కాదనడానికి నాకైతే కారణం కనిపించదు.

ఆమదాలవలసలో నా దగ్గర చదువుకున్న కుర్రవాడొకడు రాత్రిళ్లు అలాంటి నగరంలో పోలీసు. పగలు కానిస్టేబుల్ పరీక్షకు చదువుతాడు. అతని ద్వారానే నాకు అక్కడి నియమాలు తెలిశాయి. తుపాకీ గురిపెడితే ప్రాణభయం నటించి తీరాలి. ఆటగాడికి తెలిసినా పాత్రకు తెలియని సంగతి వాడుకోకూడదు. (మన కథకులు కొందరు దీన్ని రాసి గోడకు అంటించుకోవాలి. వాళ్ల కూలీ పాత్రలు రచయిత చదివిన పుస్తకాలన్నీ చదివేసి ఉంటాయి.) డ్యూటీలో తగినంతమంది పోలీసులు లేకపోతే బ్యాంకు దోపిడీ మొదలే కాదు.

ఇంత ఏర్పాటున్నా తక్కెడ నిలవదట. "ఓడిపోతే దొంగోడు అరగంట జైల్లో కూకోవాలి మాస్టారూ. ఎవుడు కూకుంటాడు? లొంగడు, కాల్చేస్తాడు." శిక్ష తగ్గిస్తే పోలీసు పాత్ర వెలవెలబోతుంది. పోలీసులకు వేగమైన కార్లిస్తే దొంగలు ఆట మానేస్తారు. ఈ చిక్కు కొత్తది కాదు. ఇలాంటి నగరాలు చాలావాటికి ఆధారమైన 'గ్రాండ్ తెఫ్ట్ ఆటో' స్కాట్లండులోని డండీలో పుట్టింది. తయారీలో దాని పేరు 'రేస్ అండ్ చేజ్', అందులో పోలీసుగానూ ఆడవచ్చు. చట్టం పాటిస్తూ కారు నడపడం రక్తి కట్టలేదు. 1997లో బయటికొచ్చేసరికి నేరస్థుడే నాయకుడయ్యాడు.

నా పేచీ తక్కెడతోనే. మన ప్రాంతపు సాహిత్యం ఈ తక్కెడను ఎన్నడూ నమ్మలేదు. గురజాడ పెంచి రాసిన 1909 నాటి 'కన్యాశుల్కం' చూడండి. మహేశం ఆడవేషం కట్టి లుబ్ధావధాన్లుకు పెళ్లికూతురవుతాడు. ఆ వేషం మాయమయ్యేసరికి ముసలాయన మీద ఖూనీ కేసు పడుతుంది. శవం లేదు, హంతకుడు లేడు. హెడ్డు కానిస్టేబులూ, వకీళ్లూ మాత్రం ఉన్నారు. విశాఖలో వకీలుగా బతికిన రావిశాస్త్రి 'మాయ' కథ ఇంకో మెట్టు పైకి పోతుంది. సారా కేసులో కోర్టుకొచ్చిన ముత్యాలమ్మ చెబుతుంటే పోలీసూ, సారా, కోర్టూ ఒకే బజారుగా కనిపిస్తాయి. దొంగా పోలీసూ అక్కడ కొట్టుకోవడం లేదు, సర్దుకుంటున్నారు. ఆ సర్దుబాటు బరువు ముత్యాలమ్మల నెత్తిన పడుతుంది.

సర్వరు నిర్వాహకులు తుపాకులూ, జైలు నిమిషాలూ సర్దుతున్నారు. అనుమానితుడి పాత్ర మాత్రం రాయలేదు. దుకాణదారు ఉన్నాడంటే చేతులెత్తే బొమ్మ. "నువ్వు పట్టుకున్నవాళ్లలో దొంగకానివాడున్నాడా?" అని కుర్రవాణ్ణి అడిగాను. "అలాటోడు ఆటలోకి ఎందుకొస్తాడు మాస్టారూ?" అన్నాడు.

కాసేపాగి తనే చెప్పాడు. ఒక రాత్రి దొంగనుకుని ఒక టాక్సీవాణ్ణి స్టేషనుకు తెచ్చాడట. వాడు కాల్చలేదు, పారిపోలేదు, కూర్చుని వాదించాడు. గంటసేపు. విషయం తెలిసి నగరంలో ఉన్నవాళ్లంతా స్టేషను దగ్గరికి చేరారట. దొంగలు కూడా వచ్చి వాడి తరఫున సాక్ష్యం చెప్పారట. అంత బాగా రక్తి కట్టిన రాత్రి ఇంకోటి లేదన్నాడు.

"మరి పైఅధికారి ఏమన్నాడు?"

"ఆ గంటలో ఒక్క అరెస్టూ నేదేటి అన్నాడు మాస్టారూ."