కుట్టు మిషను కథని మనం ఎక్కడ ఆపేశాం?

నా పిహెచ్.డి. సిద్ధాంత వ్యాసంలో కుట్టు మిషను మీద పదకొండు పేజీలున్నాయి. తెలుగు స్త్రీల కథల్లో ఆర్థిక స్వావలంబన గురించిన అధ్యాయం అది. భర్త వదిలేసినామో, భర్తని వదిలేసి వచ్చినామో, చదువు మధ్యలో ఆగిపోయిన పిల్లో కథ చివర్లో ఒక మిషను కొనుక్కుంటుంది. వసారాలో వేసుకుంటుంది. ఆ మిషను చప్పుడుతో కథ ముగుస్తుంది. ఆ చప్పుడుని నేను ‘విముక్తి ధ్వని’ అన్నాను. మౌఖిక పరీక్షకు వచ్చిన పెద్దలకి ఆ మాట నచ్చింది కూడా.

రెండేళ్ళ క్రితం అలాంటి కథనొకదాన్ని ఎం.ఏ. క్లాసులో చెప్తున్నాను. ఒక విద్యార్థిని వాళ్ళక్క ఫీజు కట్టడానికి వచ్చి, చెల్లెలి పక్కనే వెనక బెంచీలో కూర్చుంది. విశాఖ వైపు ఒక బట్టల ఫ్యాక్టరీలో పనిచేస్తోంది. క్లాసయ్యాక నా దగ్గరికొచ్చి, “ఆవిడ నయం మేడం, జాకెట్టు మొత్తం ఆవిడే కుడతాది. నాను ఆరేళ్ళ బట్టీ నడుం పట్టీకి ఎలాస్టిక్కు ఎయ్యడమే. బట్టంతా కుట్టమంటే నాకు రాదు” అంది. కాసేపాగి, “ఆ కథలో ఆవిడకి తోడు ఎవరూ నేరా?” అనడిగింది.

ఈ రెండు మాటలూ నా పదకొండు పేజీల్ని కదిపేశాయి. మిషను ఉంది, స్త్రీ ఉంది, జీతం ఉంది. నేను విముక్తి అన్నది మాత్రం అక్కడ కనిపించలేదు. అలాగని ఆమె ఏడుస్తూ చెప్పలేదు. సానుభూతి అడగలేదు. ఆమె పనికీ నా విశ్లేషణకీ మధ్య ఉన్న దూరాన్ని కొలిచి చూపించింది, అంతే.

కుట్టుపని చేసే స్త్రీ సాహిత్యంలోకి ఎలా వచ్చిందో మళ్ళీ చూడటం మొదలుపెట్టాను. 1843లో ‘పంచ్’ పత్రిక క్రిస్మస్ సంచికలో పేరు లేకుండా అచ్చయిన థామస్ హుడ్ కవిత ‘సాంగ్ ఆఫ్ ద షర్ట్’ దగ్గర్నుంచి. లండన్‌లో పిల్లలున్న ఒక భర్త లేని స్త్రీ, కుట్టమని ఇచ్చిన బట్టల్ని ఆకలికి తాళలేక తాకట్టు పెట్టి కోర్టుకెక్కిన ఉదంతం ఆ కవితకి ప్రేరణ. కుట్టు మిషన్లు బజార్లోకి రాకముందు మాట. సూదీ దారంతో రాత్రింబవళ్ళు చొక్కాలు కుట్టే ఆ స్త్రీ గొంతుతో కవిత నడుస్తుంది. ఆ రోజుల్లో ఇంగ్లండును కదిలించింది. హుడ్ సమాధి మీద కూడా ఆ పాట పాడినవాడిగానే ఆయన్ని తలచుకున్నారు.

కవిత గొప్పదే, అందులోని కరుణా నిజమైనదే. కానీ ఆ స్త్రీ మాట్లాడుతున్నది ఎవరితో? చొక్కాలు తొడుక్కునే మగవాళ్ళతో. మీ ఇళ్ళలోనూ అక్కచెల్లెళ్ళూ అమ్మలూ భార్యలూ ఉన్నారు కదా అని వాళ్ళ మనసాక్షిని తట్టడం ఆ కవిత పని. పక్క గదిలో, పక్క వీధిలో తనలాగే కుడుతున్న ఇంకొక స్త్రీతో ఆమె ఒక్క మాటా మాట్లాడదు. కవితలో ఆమెకి తోడు ఎవరూ లేరు. నా విద్యార్థిని అక్క అడిగిన ప్రశ్న నూట ఎనభై ఏళ్ళ కిందటి కవితకీ వర్తిస్తుంది.

ఈ చూపు ఇంకా పోలేదు. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర సావర్‌లో ఎనిమిదంతస్తుల రాణా ప్లాజా కూలి 1,134 మంది చనిపోయినప్పుడు నేనూ ఒక కవిత రాశాను. నా ఒంటి మీది బట్టకి అంటిన నెత్తురు గురించి. ఇప్పుడు చదువుకుంటే అందులో ఉన్నది నేనూ, నా బట్టా, నా అపరాధ భావమూ. ఆ స్త్రీలు నెత్తురుగా తప్ప కనబడరు. అసలు జరిగింది చూడండి. ముందురోజే గోడలకి పగుళ్ళొచ్చాయి. కింది అంతస్తుల్లోని బ్యాంకు తన ఉద్యోగుల్ని పంపేసింది. పై అంతస్తుల్లో కుట్టేవాళ్ళు, ఎక్కువమంది స్త్రీలు, మర్నాడు లోపలికి వెళ్ళడానికి భయపడ్డారు. జీతం పోతుందని బెదిరించి పంపారు. ఆ పగుళ్ళకి అర్థం వాళ్ళకి తెలుసు. తెలిసినదాన్ని అమలు చేసే హక్కు లేదు. బాధితురాలికీ హక్కు లేని కార్మికురాలికీ తేడా ఇక్కడే ఉంది. నా కవిత ఆ తేడాను చూడలేదు.

తోటి స్త్రీతో మాట్లాడిన కుట్టుపని మనిషి చరిత్రలో లేకపోలేదు. 1909 నవంబర్ 22న న్యూయార్క్ కూపర్ యూనియన్ హాల్లో పెద్దలంతా గంటల తరబడి ఉపన్యాసాలిస్తుంటే, క్లారా లెమ్లిచ్ అనే ఇరవై మూడేళ్ళ వలస కార్మికురాలు లేచి యిడ్డిష్ భాషలో ఇక మాటలు చాలు, సమ్మె చేద్దాం అంది. సుమారు ఇరవై వేల మంది, ఎక్కువగా యువతులు, పని ఆపేశారు. ఆ సమ్మెలో యూనియన్‌ను ఒప్పుకోని కంపెనీల్లో ట్రయాంగిల్ ఒకటి. 1911 మార్చి 25న అక్కడే మంటలంటుకుని 146 మంది చనిపోయారు. వాళ్ళలో 123 మంది స్త్రీలు. బయటికెళ్ళే తలుపుకి తాళం వేసి ఉంది. ఆ చావుల తర్వాతే న్యూయార్క్ రాష్ట్రంలో భద్రతా చట్టాలొచ్చాయి. రాణా ప్లాజా తర్వాతే బంగ్లాదేశ్‌లో అంతర్జాతీయ బ్రాండ్లు కార్మిక సంఘాలతో చట్టబద్ధమైన భద్రతా ఒప్పందం మీద సంతకం పెట్టాయి. ఇంతమంది చనిపోతే తప్ప తాళం తియ్యరా అన్న ప్రశ్న శతాబ్దం దాటినా అలాగే ఉంది.

ఈ ప్రశ్నని కథగా మలచగలిగిన రచన నాకు తెలిసినంతలో రుబాయత్ హుస్సేన్ సినిమా ‘మేడ్ ఇన్ బంగ్లాదేశ్’ (2019). బలవంతపు పెళ్ళి తప్పించుకోవడానికి చిన్నప్పుడే ఊరు విడిచి ఢాకా వచ్చిన శిము అనే అమ్మాయి, ఫ్యాక్టరీలో అగ్నిప్రమాదం తర్వాత యూనియన్ పెట్టడానికి పూనుకుంటుంది. సినిమాలో ఎక్కువ భాగం సంతకాల సేకరణే. కాగితాలు, కార్మిక శాఖ ఆఫీసు మెట్లు, రేపు రమ్మనే అధికారులు. దర్శకురాలు చావుల మీద కన్నా ఈ విసుగు పుట్టించే తిరుగుడు మీదే కెమెరా నిలిపింది. భార్య జీతం మీద బతికినన్నాళ్ళూ కిమ్మనని భర్త, ఆమె సంఘం పెడతాననగానే అడ్డం తిరుగుతాడు. జీతం తేవడానికి బయటికెళ్ళచ్చు, హక్కు అడగడానికి వెళ్ళకూడదు. ఫ్యాక్టరీకీ ఇంటికీ మధ్య ఉన్న ఈ ఒడంబడికను ఇంత సూటిగా చూపిన రచన మన దగ్గర నాకు కనపడలేదు.

కుట్టు మిషను ఇంట్లో ఉంటే విముక్తి, ఫ్యాక్టరీలో ఉంటే దోపిడి అని నేనిప్పుడు తిరగేసి చెప్పబోవడం లేదు. నైలా కబీర్ ‘ద పవర్ టు చూజ్’ (2000) ఆ సౌకర్యం మనకి మిగల్చదు. ఢాకాలో పరదా సంప్రదాయాన్ని దాటి ఫ్యాక్టరీలకి వెళ్ళిన స్త్రీలనీ, లండన్‌లో ఇళ్ళలోనే మిషను పెట్టుకుని కుట్టిన బంగ్లాదేశీ స్త్రీలనీ పక్కపక్కన పెట్టి చూసిందామె. లండన్‌లోని ఇల్లు ఢాకాలోని ఫ్యాక్టరీకన్నా స్వేచ్ఛగా ఏమీ లేదు. నా విద్యార్థిని అక్క కూడా ఫ్యాక్టరీ మూతపడాలని కోరుకోవడం లేదు. “అది మూసేస్తే నాకు పెళ్ళి చేసేస్తారు” అంది నవ్వుతూ. పెళ్ళిని ఆరేళ్ళు వాయిదా వేయించిన పని అది. చెల్లెల్ని ఎం.ఏ. చదివిస్తున్న జీతం అది. ఆమెకి కావలసింది జాలి కాదు. టార్గెట్ తగ్గడం, మూత్రానికి వెళ్ళడానికి అడగక్కర్లేకపోవడం, సూపర్‌వైజర్ నోరు అదుపులో ఉండటం.

ఇవి చిన్న కోరికలు కావు. తమిళనాడు నూలు మిల్లుల్లో ఆడపిల్లల్ని మూడేళ్ళ ఒప్పందం మీద హాస్టళ్ళలో ఉంచి, చివర్లో కట్నానికి పనికొస్తుందని ఒక మొత్తం ఇచ్చే పద్ధతికి ‘సుమంగళి’ అని పేరు పెట్టారు. ఒక కార్మిక ఒప్పందానికి పెళ్ళికూతురి పేరు! పితృస్వామ్యానికీ పెట్టుబడికీ ఉన్న బంధుత్వం గురించి మనం ఎన్నో వ్యాసాలు రాశాం. ఆ ఒక్క పేరు అదంతా చెప్పేస్తుంది. అదే రాష్ట్రంలో దిండిగల్ దగ్గర 2021 జనవరిలో ఒక దళిత యువతి హత్యకు గురైంది. ఆమె పనిచేసే బట్టల ఫ్యాక్టరీ సూపర్‌వైజరే నిందితుడు. దళిత స్త్రీల నాయకత్వంలోని కార్మిక సంఘం పోరాడి, 2022లో ఫ్యాక్టరీ యాజమాన్యంతోనూ అంతర్జాతీయ బ్రాండ్లతోనూ లైంగిక వేధింపుల నివారణకి ఒప్పందం రాయించింది. కులాన్నీ జెండర్‌నీ కలిపి చదవాలని మనం సదస్సుల్లో అంటుంటాం. వాళ్ళు ఆ రెంటినీ కలిపి ఒప్పంద పత్రంలో రాశారు.

2016 ఏప్రిల్‌లో బెంగళూరు బట్టల ఫ్యాక్టరీల ఆడవాళ్ళు పి.ఎఫ్. డబ్బు తీసుకోవడంపై పెట్టిన కొత్త ఆంక్షలకు ఎదురుతిరిగి వేలాదిగా హోసూరు రోడ్డు మీదికొచ్చారు. ఏ సంఘమూ ముందు పిలుపివ్వలేదు. రెండు రోజుల్లో కేంద్రం ఆ నిబంధనని వెనక్కి తీసుకుంది. మన దగ్గర, 2022 జూన్ 3న అచ్యుతాపురం సెజ్‌లో విషవాయువు పీల్చి వందకు పైగా స్త్రీ కార్మికులు వాంతులతో పడిపోయారు. ఆగస్టు 2న మళ్ళీ అదే జరిగింది. రెండుసార్లూ పత్రికల్లో సంఖ్యలొచ్చాయి, ఆస్పత్రి మంచాల ఫొటోలొచ్చాయి. రెండు ప్రమాదాల మధ్య ఆ రెండు నెలలూ వాళ్ళు ఏ ధైర్యంతో మళ్ళీ ఆ మిషన్ల ముందు కూర్చున్నారో చెప్పే కథ నేనింతవరకూ చదవలేదు.

చేనేత మీద మనకి బలమైన సాహిత్యం ఉంది. నేతకారుడి మగ్గం, అప్పు, ఆత్మహత్య మనకి తెలుసు. తెల్లవారుజామున ఊరి మలుపులో కంపెనీ బస్సు కోసం టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడే ఆడపిల్ల మాత్రం మన కథల్లో ఇంకా బస్సెక్కలేదు. లైను, టార్గెట్, పీసు, చెకింగ్, ఓవర్‌లాక్ అన్న మాటలు ఆమె రోజువారీ తెలుగు. మన సాహిత్యంలో వాటికి చోటు దొరకలేదు. ఎందుకంటే మన కథలోని స్త్రీ ఒంటరిగానే గెలవాలని మనం కోరుకున్నాం. వసారాలో మిషను ముందు ఒంటరిగా కూర్చున్న ఆమె ఎవరికీ యజమానిని చూపించదు. ఎవరితోనూ కలిసి ఏమీ అడగదు. పాఠకులకీ, నాలాంటి విమర్శకులకీ ఆమె చాలా సౌకర్యం.

ఆ సిద్ధాంత వ్యాసాన్ని ఇప్పుడు పుస్తకంగా తెస్తున్నాను. ‘విముక్తి ధ్వని’ అన్న మాట కొట్టేశాను. ఆ కథల్ని కొట్టెయ్యలేదు. అవి రాసిన స్త్రీలకి ఆ రోజుల్లో ఒక్క మిషను దొరకడమే ఎంత పోరాటమో నాకు తెలుసు. అయితే ఆ అధ్యాయం ఇక వసారాలో ఆగదు. నా విద్యార్థినీ, వాళ్ళక్కా, ఆమె లైనులో కుట్టే మరో నలుగురూ సెలవున్న ఆదివారాల్లో వాళ్ళ గదిలో కూర్చుని చెప్తుంటే నేను రాసుకుంటున్నాను. పేర్లు వద్దన్నారు, ఉద్యోగాలు పోతాయని. వాళ్ళ పేర్లు రాయగలిగే రోజు రావడం కూడా కార్మిక హక్కే. అంతవరకూ ఆ పేజీల్లో పేరు ఉండాల్సిన చోట లైను నంబరు ఉంటుంది.