గాలికి దారి చెప్పే రబ్బరు

ఇంటి వెనక షెడ్డులో విమానం కట్టుకునేవాళ్ళు రెక్కల గురించి గంటలు మాట్లాడతారు. ఇంజను గురించైతే ఇంకా ఎక్కువ. కాక్‌పిట్ మీద వాలే పారదర్శకమైన మూతని కానోపీ అంటారు. దాని అంచు చుట్టూ అతికించే రబ్బరు బీడింగ్ సంగతి మాత్రం అన్నీ అయ్యాక, రంగు కూడా వేశాక గుర్తొస్తుంది. బరువు చూస్తే కొన్ని వందల గ్రాములు. ఖర్చు చూస్తే మొత్తం బిల్లులో కంటికి ఆననంత. అయినా కట్టినవాడి చేతిపని ఎంత నికార్సైనదో తేల్చేది ఈ పట్టీయే అంటాను. రెక్క మీద రివెట్టు కాస్త వంకరగా పడితే రంగు కప్పేస్తుంది. కానోపీ అంచున సందు తేడాగా ఉంటే గాలి ఈల వేసి మరీ చెబుతుంది.

ఫ్యాక్టరీలో కారు తలుపుకి బీడింగ్ వేయడం వేరు. అక్కడ ప్రతి తలుపూ ఒకే అచ్చులోంచి వస్తుంది, సందు ఎంతో ముందే తెలుసు, దానికి తగ్గ రబ్బరు చుట్టలు చుట్టలుగా వస్తుంది. ఇంట్లో కట్టిన విమానంలో ఆ భరోసా లేదు. ఒరెగన్ రాష్ట్రంలోని వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ 1973 నుంచి ఆర్వీ వరుస కిట్లు అమ్ముతోంది. వాటిలో 11,000కి పైగా పూర్తయి ఎగిరాయి. ఒక్కో మోడల్‌కి ఒకే తీరు డ్రాయింగులు, ఒకే అల్యూమినియం రేకులు. అయినా ఏ రెంటి కానోపీ సందులూ ఒక్కలా ఉండవు. అక్రిలిక్ బుడగని కోసిందీ, అంచులు అరగదీసిందీ, ఫ్రేముకి బిగించిందీ కట్టినవాడే మరి. ఎడమ పక్క రెండు మిల్లీమీటర్లు, కుడి పక్క నాలుగు, వెనక మూల దగ్గర ఆరు. కిట్టుతోపాటు కొంత రబ్బరు వచ్చినా, తన విమానానికి ఏది సరిపోతుందో తేల్చుకోవాల్సింది యజమానే.

మొదటి తరానికి ఈ బెడద లేదు. మినెసోటాలో బెర్నార్డ్ పీటెన్‌పోల్ 1929లో ఫోర్డు మోడల్-ఏ కారు ఇంజను పెట్టి ఎగరేసిన ఎయిర్ క్యాంపర్‌కి మూతే లేదు. గాలంతా మొహానికే కొట్టేది, కళ్ళజోడు పెట్టుకునేవారు, అంతే. 1953లో పాల్ పోబెరెజ్నీ మిల్వాకీ దగ్గర ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ స్థాపించాక ఈ ఔత్సాహికులకి ఒక గూడు దొరికింది. 1964లో జాన్ థోర్ప్ టీ-18 లాంటి లోహపు డిజైన్లు ఎగరడంతో వేగం పెరిగింది. డాన్ టేలర్ 1976లో టీ-18లోనే భూగోళం చుట్టి వచ్చాడు. ఇంట్లో కట్టిన విమానం ఆ పని చేయడం అదే మొదలు. అంత దూరాలు, అంత వేగాలు పోవాలంటే మూత కావాలి. మూత వచ్చిందంటే అంచు వచ్చింది, అంచుతో సందు వచ్చింది.

ఆ సందు దగ్గర ఏం జరుగుతుందో చూద్దాం. 8,000 అడుగుల ఎత్తున గంటకి 200 మైళ్ళ వేగంతో పోతున్న విమానానికి తగిలే ఎదురుగాలి ఒత్తిడి, చదరపు మీటరు మీద దాదాపు 390 కిలోల బరువు పెట్టినంత. అది కానోపీ మీద అన్నిచోట్లా ఒకేలా పనిచేయదు. విండ్‌స్క్రీన్ అడుగున గాలి గుద్దుకుని నెమ్మదిస్తుంది కాబట్టి అక్కడ ఒత్తిడి పెరిగి లోపలికి తోస్తుంది. బుడగ నడినెత్తిన గాలి వేగం పుంజుకుంటుంది, ఒత్తిడి పడిపోతుంది, మూతని పైకి పీలుస్తుంది. వెనక, తోక వైపు వాలేచోట, ఒత్తిడి మళ్ళీ కోలుకుంటుంది. అంటే ఒకే పట్టీ ముందు గాలిని రానివ్వకూడదు, మధ్యలో పోనివ్వకూడదు, వెనక మళ్ళీ రానివ్వకూడదు.

మూత లోపలికి దూర్చి బిగించే రకం కుక్కర్‌ని తలుచుకోండి. ఆవిరి పెరిగినకొద్దీ దాని మూత గ్యాస్కెట్‌కి ఇంకా గట్టిగా అదుముకుంటుంది. కానోపీది సరిగ్గా ఎదురు వ్యవహారం. వేగం పెరిగినకొద్దీ మూత గ్యాస్కెట్‌ని వదిలి పైకి లేవాలని చూస్తుంది. నేల మీద వేలితో నొక్కి చూస్తే భేషుగ్గా కూర్చున్న బీడింగ్ గాల్లోకి వెళ్ళాక కూత పెట్టడానికి కారణం ఇదే. అందుకే ఆనుపానులు తెలిసినవాళ్ళు చాలా చోట్ల గుండ్రటి గొట్టం పట్టీ కన్నా, ఒక పక్కకి పల్చటి పెదవి ఉన్న పట్టీని ఇష్టపడతారు. లోపలి గాలి తోస్తే మూసుకునే దిక్కుగా ఆ పెదవిని తిప్పి అతికిస్తారు. అప్పుడు బయటికి కారబోయే గాలే పెదవిని ఎదుటి అంచుకి అదిమి పెడుతుంది.

కారే గాలి తెచ్చే నష్టం చలీ చప్పుడూ మాత్రమే కాదు. విమానం ఒంటిని అంటిపెట్టుకుని సాఫీగా పోతున్న గాలిపొరలోకి అది అడ్డంగా చిమ్ముతుంది, పొర చెదిరి వెనక్కి లాగే బలం పెరుగుతుంది. ఇలాంటి చిల్లర నష్టాల మొత్తం ఎంతవుతుందో 1938లోనే లెక్క తేలింది. వర్జీనియాలోని లాంగ్లీ ప్రయోగశాలలో 30 అడుగుల ఎత్తు, 60 అడుగుల వెడల్పు ఉన్న గాలి సొరంగంలో అమెరికా నౌకాదళపు బ్రూస్టర్ బఫెలో యుద్ధవిమానం ప్రోటోటైప్‌ని నిలబెట్టి పరీక్షించారు. ఒంటి మీది అడ్డంకులూ సందులూ సరిచేస్తే దాని వేగం గంటకి 250 మైళ్ళ నుంచి 281కి పెరుగుతుందని తేలింది. ఇంజను మార్చకుండానే. యుద్ధకాలమంతా వరసపెట్టి విమానాలు ఆ సొరంగానికి వచ్చాయి. అక్కడి పద్ధతి చాలా తెలివైనది: ముందు సందులన్నీ మూసేసి విమానాన్ని నున్నగా చేస్తారు, తరవాత ఒక్కొక్కటే తెరుస్తూ ఏ సందు ఎంత తింటోందో కొలుస్తారు. ఇంట్లో కట్టుకునేవాళ్ళూ ఇదే చేస్తారు, సొరంగం బదులు ఆకాశంలో. కానోపీ సందు మీద టేపు వేసి ఎగిరి, తీసి ఎగిరి, తేడా చూస్తారు. ఆ టేపు లోపలి నుంచే వేయాలి. బయట నుంచి వేసి, ఆపదలో మూత తెరుచుకోలేని స్థితి తెచ్చుకున్న పైలట్‌ని తెలివైనవాడు అనలేం.

ఇక పని. మొదటి మెట్టు సందు కొలవడం, చాలామంది దాటేసేదీ ఇదే. పిల్లలు ఆడుకునే ప్లాస్టిసిన్ ముద్దని చిన్న ఉండలు చేసి, అంచు పొడవునా జానెడు జానెడు దూరంలో పెట్టి, అంటుకోకుండా పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం పరిచి, కానోపీ మూసి గొళ్ళేలన్నీ వేయాలి. తెరిచి చూస్తే ఉండలు బిళ్ళలై ఉంటాయి. ఒక్కో బిళ్ళ మందం కాలిపర్‌తో కొలిచి, ఆ చోటనే టేపు ముక్క మీద రాసుకోవాలి. గొళ్ళెం వేయకుండా చేత్తో మూసి కొలిస్తే ఆ అంకెలు దేనికీ పనికిరావు.

కొలత తెలిశాక ఒక నిర్ణయం ఉంది. సందు ఆరు మిల్లీమీటర్లు ఉన్న మూలకి మందపు రబ్బరు, రెండు ఉన్న చోట పల్చటి రబ్బరు వేసి సరిపెట్టేయాలని మనసు లాగుతుంది. నాకది నచ్చదు. రబ్బరు ఉన్నది చిన్న తేడాలు మింగడానికి, పెద్ద తప్పులు దాచడానికి కాదు. ముందు ఆ మూలలో అంచు రేకుని వంచో, ఫైబర్‌గ్లాస్ పొర అదనంగా వేసి అరగదీసో సందుని ఒక దారికి తేవాలి. ఆ తరవాతే బీడింగ్. స్పాంజి రబ్బరు తన మందంలో నాలుగో వంతు దాకా నలిగితే చక్కగా పనిచేస్తుంది. నాలుగు మిల్లీమీటర్ల సందుకి ఐదు, ఐదున్నర మిల్లీమీటర్ల పట్టీ చాలు. సగానికి పైగా నలిగితే కొన్నాళ్ళకి అలాగే అణిగిపోయి మళ్ళీ పైకి లేవదు.

ఏ రబ్బరు? సహజ రబ్బరు ఎండకీ ఓజోనుకీ పగుళ్ళు తీస్తుంది. ఈపీడీఎం ఎండావానలకి గట్టిపిండమే గానీ పెట్రోలూ ఆయిలూ తగిలితే ఉబ్బుతుంది. నియోప్రీన్ రెంటినీ ఓ మోస్తరుగా తట్టుకుంటుంది. సిలికోన్ చలికీ వేడికీ చెక్కుచెదరదు, కాకపోతే మామూలు జిగురు దానికి పట్టదు, దాని జిడ్డు తగిలిన చోట రంగు నిలవదు. కాబట్టి రంగు పని పూర్తయ్యేదాకా సిలికోన్ డబ్బాని షెడ్డులోకి రానివ్వకపోవడమే మంచిది. స్పాంజి ఏదైనా రంధ్రాలు మూసుకుపోయిన రకమే తీసుకోవాలి. తెరుచుకున్న రకం వాన నీళ్ళు పీల్చుకుని, కింద అల్యూమినియంని తడిగా పట్టుకుని కూర్చుంటుంది.

పట్టీని ఏ వైపు అతికించాలన్నది ఇంకో ప్రశ్న. అక్రిలిక్‌కి కాదు, లోహపు వైపుకి. వేడికి అక్రిలిక్ అల్యూమినియం కన్నా మూడు రెట్లు వ్యాకోచిస్తుంది. మీటరున్నర పొడవున్న కానోపీలో 30 డిగ్రీల తేడాకి రెంటి మధ్యా రెండు మిల్లీమీటర్ల జరుగుడు ఉంటుంది. 8,000 అడుగులు ఎక్కితేనే ఉష్ణోగ్రత దాదాపు 16 డిగ్రీలు పడిపోతుంది, పైగా నేల మీద ఎండలో నిలబడ్డ కాక్‌పిట్ వేడి వేరే ఉంది. పట్టీ ఒక వైపు గట్టిగా అంటుకుని, రెండో వైపు జారగలిగితేనే ఈ జరుగుడుని భరిస్తుంది.

అతికించే చోటు రంగు వేసిన లోహమైతే ఆల్కహాల్‌తో తుడవచ్చు. అక్రిలిక్ దగ్గరికి మాత్రం అసిటోన్, థిన్నర్, పెట్రోలు పోకూడదు. అవి తగిలిన చోట వెంట్రుకల్లాంటి సన్నటి పగుళ్ళు పుడతాయి, వాటికి మందు లేదు. గోరువెచ్చటి సబ్బునీళ్ళు చాలు. జిగురు టేపు పట్టడానికి షెడ్డులో కనీసం 15 డిగ్రీల వేడి ఉండాలి. పూర్తి పట్టు రావడానికి 72 గంటలు పడుతుంది, మూడోపూటకే విమానం బయటికి లాగకూడదు. అన్నిటికన్నా పెద్ద పొరపాటు పట్టీని సాగదీసి అతికించడం. సాగిన రబ్బరు నెమ్మదిగా వెనక్కి ముడుచుకుంటుంది, కొన్ని వారాలకి రెండు కొసల మధ్యా సందు తెరుచుకుంటుంది. సాగదీయడం అటుంచి, పట్టీని కాస్త కుదించినట్టుగా ముందుకి నెడుతూ పరవాలి. కొసలు కలిసే చోటు వెనక వైపు, కిందుగా ఉండాలి. కొత్త బ్లేడుతో ఏటవాలుగా కోసి, సూపర్‌గ్లూ చుక్కతో కలిపితే అతుకు కనబడదు.

ముందుకి తెరుచుకునే కానోపీలకి అచ్చుపోత పద్ధతి ఒకటి ఉంది, నాకు అన్నిటికన్నా ముచ్చటగా తోచేది ఇదే. కానోపీ ఆనే చోట ప్యాకింగ్ టేపు అంటించి, మైనం రుద్దుతారు. ఎదుటి అంచు మీద సిలికోన్‌ని తాడులా పోసి, మూత మెల్లగా దించి గొళ్ళెం వేసి వదిలేస్తారు. మూసిన సందులో సిలికోన్ తాపీగా ఆరుతుంది, కొన్ని రోజులు ముట్టుకోకూడదు. తెరిచాక అంచులు బ్లేడుతో చెక్కితే మిగిలేది ఆ సందుకి మాత్రమే సరిపోయే బీడింగ్, ప్రపంచంలో మరే విమానానికీ పనికిరానిది. ఆరేటప్పుడు వెనిగర్ వాసన వచ్చే రకం ఆమ్లాన్ని వదులుతుంది, అల్యూమినియంని తింటుంది. వాసన లేని న్యూట్రల్ రకమే కొనాలి. మైనం రుద్దడం మరిచిపోతే ఏమవుతుందో విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈ ముందు కీలు రకానికి ఇంకో తిప్పలుంది. కీలు సరిగ్గా ఇన్‌స్ట్రుమెంట్ ప్యానెల్ పైన వస్తుంది, అక్కడ కారిన వాన నేరుగా రేడియోల మీద పడుతుంది. వెనక్కి జరిగే రకంలో తిప్పలు పక్క అంచుల దగ్గర. అక్కడ అంటుకునే రబ్బరు పనికిరాదు, జరిపినప్పుడల్లా చిరుగుతుంది. వెల్‌క్రోలో మెత్తటి సగాన్ని మాత్రం పరిచి పని గడుపుకునేవాళ్ళున్నారు. వేగం బాగా ఎక్కువున్న కొన్ని విమానాల్లో గాలి నింపితే ఉబ్బే గొట్టం పట్టీలు వాడతారు. అవి అద్భుతంగా మూస్తాయి, పంపూ గొట్టాలూ వాల్వూ చూసుకునే ఓపిక ఉంటే.

అతికించింది ఎలా ఉందో చూడటానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. రాత్రి హ్యాంగర్ దీపాలు ఆర్పి కాక్‌పిట్‌లో బల్బు వెలిగిస్తే వెలుతురు ఎక్కడ కారుతోందో తెలుస్తుంది. డాలరు నోటు అంచులో పెట్టి మూత మూసి లాగితే, పట్టు ఉన్నచోట బిగువుగా, లేనిచోట వదులుగా వస్తుంది. నీళ్ళ పైపు పట్టడం సరేసరి. గాల్లో అయితే పక్క సీటులో కూర్చున్నవాళ్ళు సన్నటి ప్లాస్టిక్ గొట్టం ఒక కొస చెవి దగ్గర, రెండో కొస అంచు వెంట పెట్టుకుని వింటూ పోతారు.

ఇదంతా చదివి కాక్‌పిట్‌ని డబ్బాలా మూసేయాలనుకుంటే పొరపాటు. లోపలికి తాజా గాలి రావాలంటే లోపలి గాలి పోవడానికి దారుండాలి. కానోపీ అంచులన్నీ మూసేసి, బయటికి దారి పెట్టకపోతే ముందున్న గాలి రంధ్రాలు ఊదడం మానేస్తాయి. అదీగాక మూత అంచున ఒక సందు మూస్తే కాక్‌పిట్‌లో ఒత్తిడి మారుతుంది, తోక గొట్టంలోంచి, కంట్రోల్ కడ్డీల రంధ్రాల్లోంచి గాలి వేరే దారిలో రావచ్చు. ఇంజను పొగ విమానం పొట్ట కింది నుంచి వెనక్కి పోతుంది కాబట్టి ఆ గాలితోపాటు కార్బన్ మోనాక్సైడ్ కూడా లోపలికి చేరే వీలుంది. బీడింగ్ మార్చిన ప్రతిసారీ ఆ వాయువుని పట్టే డిటెక్టర్‌ని చూసుకుంటూ ఎగరాలనేది అందుకే.

గొళ్ళెం సంగతి ఇంతకన్నా ముఖ్యం. కొత్త రబ్బరు బిగువుగా ఉంటుంది. మూత పూర్తిగా దిగినట్టు కనిపించినా గొళ్ళెం మొన చివరిదాకా పోకపోవచ్చు. టేకాఫ్‌లో అలాంటి మూత లేస్తుంది. పక్కకి తెరుచుకునే రకమైతే ఊడిపోనూ వచ్చు. కాబట్టి పట్టీ నలిగే బలం గొళ్ళెం మోయగలిగినంతే ఉండాలి. మోకాలితో నొక్కితే గానీ మూత పడటం లేదంటే రబ్బరు మందం తగ్గించాలి, మోకాలి బలం పెంచకూడదు. అయినా తెరుచుకుంటే పైలట్ చేయాల్సింది చప్పుడుని పట్టించుకోకుండా విమానాన్ని నడపడం, రన్‌వే చుట్టూ తిరిగి వచ్చి దిగడం.

అమెరికాలో ఇలాంటి విమానం మామూలుగా తొలి 25 లేదా 40 గంటలు కేటాయించిన ప్రాంతంలోనే పరీక్షగా ఎగరాలి. బీడింగ్ సర్దుబాట్లు ఎక్కువగా ఆ గంటల్లోనే జరుగుతాయి. ఆ తరవాత ఏడాదికోసారి తనిఖీ ఉంటుంది, కట్టినవాడు రిపేర్‌మన్ సర్టిఫికెట్ తీసుకుంటే తన విమానాన్ని తానే తనిఖీ చేసుకోవచ్చు. అప్పుడు పట్టీని పొడవునా వేలితో తడిమి, అణిగిపోయిన చోట్లు గుర్తుపెట్టుకుని, ఎండకి అంటుకోకుండా టాల్కం పొడి రాస్తారు. పాతది పీకాల్సి వస్తే వేడిగాలి కొద్దిగా తగిలించి, ప్లాస్టిక్ బద్దతో జిగురు గీకి, మళ్ళీ ప్లాస్టిసిన్ ఉండల దగ్గర మొదలుపెడతారు. ఏళ్ళు గడిచేసరికి ఫ్రేము కాస్త కూర్చుని ఉంటుంది, పాత కొలతలు పనికిరావు.